ఆదాయం సగమైంది, ఇంట్లో కుక్కా పిల్లీ ఉన్నాయి: ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

వెన్నెలవాకిలి:

కుక్క ఆడది, అయిదేళ్లు, 12 కిలోలు. పిల్లి మగది, మూడేళ్లు, 4 కిలోలు. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. ఇంట్లోకి వచ్చే డబ్బు మాత్రం సగానికి పడిపోయింది, మళ్లీ ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేను. ఎవరికైనా ఇచ్చేయమనే సలహా తప్ప ఏదైనా చెప్పండి.

నా ప్రశ్నలు ఇవీ:

ఇప్పుడు కొంటున్న ఖరీదైన మేత మానేసి చవకదానికి మారితే నష్టమా? అసలు ఇంట్లో వండి పెట్టేస్తే పోదా?

ఏటా వేయించే టీకాలు ఒక ఏడాది వాయిదా వేయొచ్చా?

పెద్ద కుక్కలకు అమ్మే పిడుదుల మందు ట్యూబు ఒకటి కొని, కుక్కకీ పిల్లికీ పంచి వేస్తే డబ్బు మిగులుతుందని ఎవరో అన్నారు. నిజమేనా?

ఉన్నట్టుండి జబ్బు చేస్తే డాక్టరు దగ్గర బిల్లు ఎలా తట్టుకోవాలి? నాకున్న అసలు భయం ఇదే.

మందులపెట్టె:

మిగతావి తర్వాత. ముందు మూడో ప్రశ్నకి జవాబు: వేయకండి. ట్యూబు ఈసరికే కొనేసి ఉంటే పిల్లికి అందని చోట పెట్టండి.

కుక్కల మెడ మీద పోసే చుక్కల మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరిచేయగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. కొద్ది చుక్కలు పడినా కొన్ని గంటల్లో చెవులు, ముఖం అదరడం, ఒళ్లంతా వణుకు, ఆ తర్వాత ఫిట్స్, చావు దాకా వెళ్లొచ్చు. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో ఆ చోటు కడిగి, తుడిచి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. వేడినీళ్లు వద్దు. చర్మానికి రక్తప్రసరణ పెరిగి మందు ఇంకా లోపలికి పోతుంది. కుక్కకి ఈ మందు వేశాక కూడా అది పూర్తిగా ఆరేవరకూ పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకూడదు. రెండూ ఒకదాన్నొకటి నాకే రకమైతే పర్మెత్రిన్ లేని మందే ఎంచుకోండి.

పర్మెత్రిన్ లేకపోయినా ట్యూబు పంచడం మంచి ఆలోచన కాదు. ఒక్కసారికని కట్టిన డోసు అది. తెరిచాక సిరంజితో సగం తీసి దాచుకుంటే మందు ఆవిరవుతుంది, కొలత తప్పుతుంది.

నిజంగా డబ్బు మిగిలేది తూకం దగ్గర. ఈ మందులన్నీ బరువు మెట్ల ప్రకారం అమ్ముతారు. 10 నుంచి 20 కిలోల మెట్టు మందు 12 కిలోల కుక్కకి సరిపోతుంది. "పెద్దదిగా ఉంది కదా" అని పై మెట్టు కొనడమే దండగ. మీరు తూకం యంత్రం ఎక్కి, తర్వాత కుక్కను ఎత్తుకుని మళ్లీ ఎక్కి, తేడా చూస్తే చాలు.

పిడుదులకీ గెంతే ఫ్లీ పురుగులకీ తేడా ఉంది. ఫ్లీల్లో కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. గుడ్లు, లార్వాలు (పిల్లపురుగులు), ప్యూపాలు (గూడు కట్టుకున్న దశ) అన్నీ పడకలో, నేల సందుల్లో, తివాచీలో ఉంటాయి. ఒకసారి మందు వేసి "పనిచేయలేదు" అని ఇంకో బ్రాండు కొనేవాళ్లు ఎక్కువ. ప్యూపా దశలో ఉన్నవాటిని మందు చంపలేదు, అవి వారాల తరబడి పొదుగుతూనే ఉంటాయి. అందుకే ఇంట్లోని అన్ని జంతువులకీ ఒకే రోజు, వరసగా మూడు నెలలు వేయాలి. ఆ మూడు నెలలూ వారానికోసారి పడకబట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతికి, మూలలు బాగా ఊడిస్తే ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది.

పిడుదులైతే రోజూ చేత్తో వెతకండి: చెవుల లోపల, మెడపట్టీ కింద, వేళ్ల మధ్య, చంకల్లో, తోక మొదట్లో. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి. నూనె పోయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు. పురుగు తన లాలాజలాన్ని ఇంకా ఎక్కువగా లోపలికి వదులుతుంది.

గ్రాముల_లెక్క:

మేత సంగతి నేను చెప్తాను. చవకదానికి మారితే నష్టం లేదు. కానీ కిలో ధర చూసి కొనకండి. వెయ్యి కిలోక్యాలరీలకు ఎంత పడుతుందో చూసి కొనండి.

ఒక సంచీలో 100 గ్రాములకు 350 కిలోక్యాలరీలు, ఇంకోదాంట్లో 400 ఉన్నాయనుకోండి. రెండోది కిలోకి 14 శాతం ఎక్కువ ధర ఉన్నా చివరికి లెక్క సమానమే, ఎందుకంటే తక్కువ పెడతారు. సంచీ మీద క్యాలరీలు రాయకపోతే ఇలా కట్టొచ్చు. ప్రొటీను శాతాన్ని 3.5తో, కొవ్వు శాతాన్ని 8.5తో గుణించండి. పిండిపదార్థం సాధారణంగా రాయరు. 100 లోంచి ప్రొటీను, కొవ్వు, పీచు, తేమ, బూడిద (ఖనిజాలు) శాతాలు తీసేస్తే మిగిలేదే పిండిపదార్థం, దాన్ని కూడా 3.5తో గుణించాలి. ఉదాహరణకి ప్రొటీను 24, కొవ్వు 12, పీచు 4, తేమ 10, బూడిద 8 అయితే పిండిపదార్థం 42. మొత్తం 84 + 102 + 147 = 333 కిలోక్యాలరీలు.

ఇప్పుడు మీ జంతువులకు ఎంత కావాలి? విశ్రాంతిలో ఉన్న జంతువుకి రోజుకి కావలసిన శక్తికి సూత్రం ఇది: బరువు (కిలోల్లో) ఘాతం 0.75, దాన్ని 70తో గుణించాలి. ఫోన్లో మామూలు క్యాలిక్యులేటర్‌తోనే వస్తుంది. బరువుని మూడుసార్లు గుణించి, వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి.

కుక్క: 12 × 12 × 12 = 1728. వర్గమూలం 41.57, మళ్లీ వర్గమూలం 6.45. దాన్ని 70తో గుణిస్తే సుమారు 451. ఆపరేషన్ అయిన, ఎదిగిన కుక్కకి దీనికి 1.6 రెట్లు, బద్ధకంగా పడుండేదైతే 1.4 రెట్లు. అంటే 630 నుంచి 720 కిలోక్యాలరీలు. 350 కిలోక్యాలరీల మేత అయితే రోజుకి 180 నుంచి 205 గ్రాములు.

పిల్లి: 4 × 4 × 4 = 64. వర్గమూలం 8, మళ్లీ వర్గమూలం 2.83. గుణకారం చేస్తే 198. ఇంట్లోనే తిరిగే, ఆపరేషన్ అయిన పిల్లికి 1.2 రెట్లు, అంటే సుమారు 238. 380 కిలోక్యాలరీల మేత 63 గ్రాములు.

ఇవి మొదలుపెట్టడానికి అంకెలే. రెండు వారాలకోసారి తూచి, పక్కటెముకలు తడమండి. పలచటి పొర కింద ఎముకలు వేలికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనబడాలి. పెరుగుతుంటే పదిశాతం తగ్గించండి. మేతని కప్పుతో కొలవకండి. అదే కప్పు ఒక్కోసారి ఒక్కోలా నిండుతుంది. వంటింట్లో తూకం ఉంటే దానితో తూచండి. పిల్లికి రోజూ 10 గ్రాములు ఎక్కువ పడితే ఆరో వంతు మేత వృథా, పైగా బరువు, ఆ వెనకాలే మధుమేహం, దాని వైద్యం. నా లెక్కలో చాలా ఇళ్లలో బ్రాండు మార్చక్కర్లేకుండానే తూకం ఒక్కటే ఖర్చు తగ్గిస్తుంది.

సంచీ మీద చూడాల్సింది ఒక్క మాట: "సంపూర్ణ, సమతుల ఆహారం" అని, ఏ వయసుకో కూడా రాసి ఉండాలి. "అనుబంధ ఆహారం" అని ఉంటే అది ఒక్కటే పెట్టడానికి పనికిరాదు. ధాన్యం లేనిది, సహజమైనది, ప్రీమియం లాంటి మాటలకి డబ్బు పెట్టక్కర్లేదు.

మార్చేటప్పుడు ఏడు నుంచి పది రోజులు తీసుకోండి: పాతది మూడు వంతులు, కొత్తది ఒక వంతు, ఆపైన సగం సగం, అలా. ఒక్కరోజులో మారిస్తే విరేచనాలు పట్టుకుని, మిగిలిందంతా మందులకి పోతుంది. పెద్ద సంచీ చవకే కానీ తెరిచాక ఆరు వారాల్లో అయిపోయేంతే కొనండి. అంతకు మించితే కొవ్వు చెడిపోతుంది, వాసన మారి ముట్టవు. ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా పోయకుండా సంచీతో సహా పెట్టి మూయండి. డబ్బా అడుగున పేరుకున్న పాత కొవ్వు కొత్త మేతని కూడా పాడుచేస్తుంది. మేతలో ఏదైనా తేడా వచ్చినా సంచీ మీది బ్యాచ్ నంబరు చేతిలో ఉంటుంది.

వంటిల్లు:

ఇంత లెక్కెందుకండీ? అన్నం, ఉడికించిన చికెన్ కలిపి పెడితే కుక్క హాయిగా తింటుంది. సంచీ మేత ధర ఎక్కువ. ఇంట్లో వండేదే ఎలాగూ ఉంటుంది కదా, ఇంకో గుప్పెడు వేస్తే సరి.

గ్రాముల_లెక్క:

హాయిగా తింటుంది, అందులో సందేహం లేదు. కడుపు పాడైనప్పుడు రెండు మూడు రోజులు అదే పెట్టమని డాక్టర్లూ చెప్తారు. నెలల తరబడి అదే పెడితేనే ఇబ్బంది.

చికెన్ మాంసం 100 గ్రాముల్లో ఫాస్ఫరస్ 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే, క్యాల్షియం 15 మిల్లీగ్రాముల దగ్గరే. అన్నంలోనూ క్యాల్షియం లేనట్టే. ఎదిగిన కుక్కకి ప్రతి వెయ్యి కిలోక్యాలరీలకు కనీసం 1.25 గ్రాముల క్యాల్షియం పడాలి. ఈ కుక్కకి రోజుకి సుమారు 0.8 నుంచి 0.9 గ్రాములు. మేతలో దొరక్కపోతే శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. పైకి చాలాకాలం ఏమీ తెలీదు, అదే దీనితో చిక్కు. కుక్కపిల్లల్లోనైతే కాళ్లు వంకర్లు పోవడం, చిన్న గెంతుకే ఎముక విరగడం త్వరగానే బయటపడతాయి.

గుడ్డు పెంకు కడిగి, ఆరబెట్టి, మెత్తగా పొడి చేస్తే ఒక తలకొట్టిన టీస్పూన్ సుమారు 5 గ్రాములు, అందులో దాదాపు 1.9 గ్రాముల క్యాల్షియం. అర టీస్పూన్‌తో ఈ కుక్క రోజు అవసరం తీరుతుంది. సమస్య ఇంతటితో అయిపోతే బాగుండేది. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి అప్పటికీ లోటే. వాటన్నిటికీ సరిపడే సప్లిమెంటు కొని, మాంసం కొని, గ్యాసు కలిపి లెక్క వేస్తే మధ్యరకం సంచీ మేత కంటే చవక అవడం అరుదు.

ఇంటి తిండి పెట్టాలనుంటే రోజు క్యాలరీల్లో పదిశాతం దాకా పెట్టండి, సమతుల్యం దెబ్బతినదు. ఈ కుక్కకి అది 65 కిలోక్యాలరీలు. అంటే ఒక చిన్న ఉడికించిన గుడ్డు, లేదా 50 గ్రాముల అన్నం. అది వేసిన రోజు సంచీ మేత 20 గ్రాములు తగ్గించాలి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర, ఎండుద్రాక్ష, ద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్, ఉడికించిన ఎముకలు ఏ కొలతలోనూ వద్దు.

పిల్లికైతే ఇంటి వంట ఊసే ఎత్తకండి. దానికి టారిన్ అనే పోషకం మేతలోంచే రావాలి. లోపిస్తే కంటిపొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. ఉడికించి నీళ్లు పారబోస్తే మాంసంలో ఉన్న టారిన్ కూడా ఆ నీళ్లలోనే పోతుంది. కుక్క మేత పిల్లికి పెట్టడం కూడా ఇందుకే కుదరదు. ఒక పూట దొంగతనంగా తింటే ఏమీ కాదు, అదే ఆహారం కాకూడదు.

క్లినిక్_బెంచీ:

నాలుగో ప్రశ్నకి వస్తాను. నెలనెలా అయ్యే ఖర్చుతో ఎవరూ మునిగిపోరు. ముంచేది ఒక్క బిల్లు. దాన్ని తగ్గించే పని డాక్టరు గదిలో కూర్చున్నాక, మొదటి రెండు నిమిషాల్లో జరుగుతుంది.

డబ్బు సంగతి చివర్లో, బిల్లు కౌంటరు దగ్గర మాట్లాడతారు చాలామంది. అప్పటికి పరీక్షలన్నీ అయిపోయి ఉంటాయి. లోపలికి వెళ్లగానే చెప్పండి: "ఈ రోజు నేను ఇంతవరకు పెట్టగలను. ఈ లోపల దీనికి అన్నిటికంటే ఉపయోగపడేది ఏది?" ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఒకే జబ్బుకి పూర్తిస్థాయి వైద్యం ఒకటి, దానికంటే తక్కువ ఖర్చుతో ఒప్పుకోదగ్గ వైద్యం ఇంకొకటి ఉంటాయి. డబ్బు హద్దు తెలీకపోతే డాక్టరు మొదటిదే చెప్తారు.

ప్రతి పరీక్షకీ ఒక ప్రశ్న అడగండి: "ఇందులో ఏం తేలితే మందు మారుతుంది?" ఏం తేలినా మందు అదే అయితే ఆ పరీక్ష ఆగొచ్చు. ఉదాహరణకి గోక్కునే కుక్కకి ముందు చర్మం గీకి, టేపు అంటించి మైక్రోస్కోపులో చూడటం చవక. గజ్జి పురుగు, ఫంగస్, బాక్టీరియా చాలావరకు అక్కడే తేలతాయి. అలర్జీకి రక్తపరీక్ష ఖరీదైంది, పైగా అలర్జీ ఉందా లేదా అని తేల్చడానికి అది పనికిరాదు. కుంటుతున్నా కాలు మోపుతున్న కుక్కకి ఎక్స్‌రే కంటే ముందు డాక్టరు చేత్తో చూసి, వారం పది రోజులు గొలుసు మీదే నడిపించి విశ్రాంతి ఇవ్వమంటారేమో అడగండి. కాలు ఎత్తేసి అసలు మోపకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఇంటి నుంచే తీసుకెళ్లగలిగేవి తీసుకెళ్లండి. మలం సన్న డబ్బాలో, మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి కొద్ది గంటల్లో ఇస్తే చాలు, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. దగ్గు, కుంటు, ఫిట్స్ అయితే ఫోన్లో వీడియో తీయండి. క్లినిక్‌కి వెళ్లేసరికి మామూలుగా అయిపోయి, ఏం జరిగిందో తెలీక పరీక్షలు పెరిగేది ఇక్కడే.

మందులు అక్కడే కొనక్కర్లేదు. చీటీ మీద మందు అసలు పేరు, మోతాదు, ఎన్ని రోజులో రాసిమ్మనండి. కొన్ని మందులు మనుషుల మందుల షాపులో అదే మందుగా తక్కువకి దొరుకుతాయి. కానీ ఇంట్లో ఉన్నది మీరు సొంతంగా వేయడం వేరే సంగతి. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి, కిడ్నీలు చెడగొడుతుంది. ఈ రెండు మాత్రల వల్ల వచ్చే బిల్లుతో ఏడాది మేత కొనొచ్చు.

ప్రభుత్వ పశువైద్యశాల, పశువైద్య కళాశాల ఆసుపత్రి, సేవాసంస్థ నడిపే క్లినిక్: వీటిలో మీకు దగ్గర్లో ఏముందో, ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు చూస్తారో, ఆదాయం రుజువు ఏం అడుగుతారో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్ చేసి రాసిపెట్టుకోండి. వాయిదాల్లో కట్టనిస్తారా అన్నది కూడా ముందే అడిగే ప్రశ్న. బీమా తీసుకోవాలనుకుంటే మూడు చూడండి: ఇప్పటికే ఉన్న జబ్బుకి డబ్బు రాదు, మొదట్లో కొన్నాళ్లు నిరీక్షణ కాలం ఉంటుంది, ప్రతి క్లెయిములో మీ వాటా కొంత ఉంటుంది. ఆ వాటా కట్టలేని స్థితి అయితే ప్రీమియం కట్టీ లాభం లేదు.

ఇక ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు. ఎదిగిన కుక్క ఒకట్రెండుసార్లు వాంతి చేసుకుని లేదా పలచగా విరేచనమై, చురుగ్గా ఉండి, నీళ్లు తాగి నిలుపుకుంటుంటే ఒక రోజు చూడొచ్చు. ఈ కింది వాటికి మాత్రం అర్ధరాత్రైనా బయల్దేరాలి:

మగపిల్లి పదేపదే లిట్టర్ పెట్టెలో (మలమూత్రాలకు ఇంట్లో పెట్టే ఇసుకపెట్టె) కూర్చుని ముక్కుతూ, మూత్రం రాకపోవడం. మలబద్ధకం అనుకుని వదిలేస్తారు. మూత్రనాళం మూసుకుంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

కుక్క కడుపు ఉబ్బి, వాంతి కోసం ప్రయత్నించినా ఏమీ రాకపోవడం. చిగుళ్లు పాలిపోవడం లేదా నీలంగా మారడం. ఊపిరికి కష్టపడటం. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటడం, లేదా ఒకే రోజు మళ్లీ రావడం. విషం తిందన్న అనుమానం.

పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే మర్నాడు చూపించండి. లావు పిల్లులు తిండి మానితే కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త జబ్బు మొదలవుతుంది.

రెండు అంకెలు ఇప్పుడే చూసి రాసుకోండి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు, 30 లోపు ఉండాలి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీరంగు రావాలి. ఫోన్లో డాక్టరుకి "నీరసంగా ఉంది" అని చెప్పేదానికీ, "నిద్రలో 22 ఉండేది, ఇవాళ 44 ఉంది" అని చెప్పేదానికీ వచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది.

వెన్నెలవాకిలి:

అందరికీ ధన్యవాదాలండీ. ట్యూబు కొనలేదు, ఇక కొనను. పిల్లికి రోజూ ఒక పౌచ్ తడి మేత పెడుతున్నాను. దాన్ని పూర్తిగా మానేసి డ్రై ఫుడ్ ఒక్కటే పెడదామనుకుంటున్నాను. గడ్డకట్టే లిట్టర్ కూడా ఈ వారమే మార్చేద్దామని. చవకలో ఏది బాగుంటుంది? కుక్క గోళ్లు, స్నానం ఇన్నాళ్లూ బయట చేయించాను, పళ్లు పసుపుగా ఉన్నాయి. టీకాల జవాబు కూడా ఎవరూ చెప్పలేదు.

క్లినిక్_బెంచీ:

ఆ రెండు మార్పులూ ఒకే వారంలో చేయకండి. నేను పైన రాసిన మూత్రనాళం సమస్యకి నీళ్లు తక్కువ తాగడం, ఇంట్లో ఒత్తిడి రెండూ దారితీస్తాయి. తడి మేతలో నాలుగింట మూడొంతులకు పైగా నీళ్లే. అది మానేస్తే పిల్లి అంత నీళ్లూ గిన్నెలోంచి తాగి భర్తీ చేసుకోదు, మూత్రం చిక్కబడుతుంది. పైగా లిట్టర్ నచ్చక ఆపుకుంటే ఇంకా చేటు.

4 కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకి సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు వెళ్లాలి. పౌచ్ మానేయాల్సే వస్తే డ్రై ఫుడ్‌లో అంతే పరిమాణం గోరువెచ్చని నీళ్లు పోసి, అరగంటలోపు తినేలా పెట్టండి. మిగిలితే పారేయాలి. వెడల్పాటి గిన్నెలు రెండు మూడు చోట్ల, మేతకీ లిట్టర్‌కీ దూరంగా పెట్టండి. పౌచ్ సగానికి తగ్గించి, అందులోనే రెండు చెంచాల నీళ్లు కలపడం ఇంకా మంచిది.

ఇసుకపెట్టె:

లిట్టర్‌కి చవకైన వాటిలో ముందు చెప్పాల్సింది పొయ్యిల్లో కాల్చడానికి అమ్మే చెక్క గుళికలు. రసాయనం, మంట పెంచే పదార్థం కలపనివి అని సంచీ మీద చూసుకోవాలి. అడుగున 3 సెంటీమీటర్లు పోస్తే చాలు. తడిస్తే పొట్టుగా విచ్చుకుని రెండు మూడింతలవుతాయి. ఒకే సైజు ప్లాస్టిక్ తొట్లు రెండు తీసుకుని, పైదాని అడుగున గుళిక పట్టనంత చిన్న బెజ్జాలు చేయండి. గుళికలు పైతొట్టిలో, తడిసిన పొట్టు జల్లెడలోంచి రాలినట్టు కిందితొట్టిలోకి. రోజుకోసారి మలం తీసి, పైతొట్టి ఊపి, కింది పొట్టు పారేస్తే గుళికలు చాలాకాలం వస్తాయి.

చించిన వార్తాపత్రిక ఉచితమే కానీ వాసన ఆగదు, రోజూ మొత్తం మార్చాలి. ఇసుక పనికొస్తుంది, బరువెక్కువ, మూత్రం అడుగుకి దిగి కంపు కొడుతుంది. రంపపు పొట్టు తీసుకుంటే రంగు, వార్నిష్, చెదల మందు తగలని చెక్కదే కావాలి. తోట మట్టి వాడకండి, వేరే పిల్లుల పురుగు గుడ్లు అందులో ఉండొచ్చు. ఏది వాడినా కాలువలో, టాయిలెట్‌లో వేయొద్దు.

మార్చే పద్ధతి: పాత పెట్టె తీయకుండా పక్కనే కొత్తది పెట్టండి. పిల్లి కొత్తదాన్ని తనంతట తాను వాడటం మొదలుపెట్టాక పాతదాంట్లో లిట్టర్ మెల్లగా తగ్గించండి. రెండు వారాలు పట్టినా తొందరపెట్టకండి. పిల్లి పరుపు మీద పోస్తే మిగిల్చిందంతా పోయినట్టే. సువాసన కలిపిన రకాలు మనకి బాగుంటాయి, పిల్లికి కాదు. మలం రోజూ తీయడం శుభ్రానికే కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది మలంలో అంటుకునే దశకి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. గర్భిణులు మాత్రం ఈ పని ఇంకెవరికైనా అప్పగించాలి.

గోళ్లు: మూడు నాలుగు వారాలకోసారి, కొన వంకర తిరిగిన చోట రెండు మిల్లీమీటర్లే కత్తిరించండి. తెల్ల గోళ్లలో రక్తం పారే గులాబీరంగు భాగం కనిపిస్తుంది, దానికి ముందే ఆగాలి. నల్ల గోళ్లయితే సన్న సన్న ముక్కలుగా కోస్తూ, కోసిన చోట మధ్యలో నల్లటి చుక్క కనబడగానే ఆపేయండి. రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. కాలి లోపలివైపు పైన ఉండే బొటనగోరుని మర్చిపోతారు, అది నేలకి అరగదు కాబట్టి చుట్టుకుని మాంసంలోకి దిగుతుంది. ఒకేరోజు నాలుగు కాళ్లూ చేయాలన్న రూలేమీ లేదు, రోజుకో కాలు చాలు. స్నానం నెలకోసారి మించి అవసరం లేదు, రోజూ దువ్వితే అదీ అక్కర్లేదు.

పళ్లు: పాచి ఉన్నంతవరకే బ్రష్ పనిచేస్తుంది. రెండు మూడు రోజుల్లో అది గట్టిపడి గార అవుతుంది, గారని ఇంట్లో తీయలేం, గోకితే చిగురు తెగుతుంది. పసుపు రంగు గోరుతో రాస్తే పోతుంటే ఇంకా పాచే. వేలికి తడి గుడ్డ చుట్టి పళ్ల బయటివైపు, ముఖ్యంగా పై దవడ వెనక పెద్ద పళ్ల మీద, ఒక్కో వైపు అర నిమిషం రోజూ రుద్దండి. మనుషుల పేస్టు వద్దు, మింగేస్తాయి. గట్టి ఎముకలు, కొమ్ములు నమలడానికి ఇవ్వకండి. పన్ను చీలితే పీకించే ఖర్చు చిన్నది కాదు.

మందులపెట్టె:

టీకాల జవాబు బాకీ ఉంది. అన్ని టీకాలూ ఏటా వేయించేవి కావు. అక్కడే మీకు ఊరట.

కుక్కకి డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ అనే వైరస్ జబ్బుల టీకాలు: చిన్నప్పటి డోసులు, ఆ తర్వాతి బూస్టరు పూర్తయి ఉంటే ఆపైన మూడేళ్లకోసారి సరిపోతుంది. పిల్లికి పాన్‌ల్యూకోపీనియా (ఇదీ వైరస్ జబ్బే) టీకా కూడా అంతే. ఇంట్లోనే ఒంటరిగా ఉండే పిల్లికి హెర్పిస్, కాలిసి వైరస్‌ల టీకాలు కూడా మూడేళ్లకోసారి చాలంటారు. లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం వల్ల వచ్చే బాక్టీరియా జబ్బు, లెప్టో అంటారు) టీకా రక్షణ ఏడాదే, అది ఏటా వేయించాలి. ఎలుకలు, నిలిచిన నీళ్లు ఉన్న చోటైతే దీన్ని వాయిదా వేయకండి. రేబిస్ టీకా వాడిన బ్రాండునీ మీ దగ్గరి చట్టాన్నీ బట్టి ఏడాదికో మూడేళ్లకో. అది ఎంత డబ్బు లేకపోయినా ఆపకూడనిది, ఎందుకంటే లక్షణాలు మొదలయ్యాక జంతువుకైనా మనిషికైనా మందు లేదు. చాలాచోట్ల ఉచితంగా వేసేది కూడా ఇదే, శిబిరాల తేదీలు కనుక్కోండి.

కాబట్టి "ఏడాదికోసారి అన్నీ కలిపి" అనే ప్యాకేజీ వద్దని, కార్డు చూపించి "ఈ ఏడాది గడువు వచ్చినవి మాత్రమే వేయండి" అనండి. కార్డు పోగొట్టుకుంటే మళ్లీ అన్నీ వేయాల్సి రావచ్చు, అందుకే ప్రతి పేజీ ఫోటో తీసిపెట్టుకోండి. డిస్టెంపర్, పార్వో గడువు కొన్ని నెలలు దాటినా ఎదిగిన కుక్కకి మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఒక్క డోసు చాలు. లెప్టో ఏడాదిన్నర దాటిపోతే మాత్రం రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు మళ్లీ కావాలి. దాన్ని ఆలస్యం చేసి మిగుల్చుకునేది ఏమీ ఉండదు.

కుక్కపిల్లల్ని తెచ్చుకుందామని ఇది చదివేవాళ్లకి వేరే లెక్క. తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాని పనిచేయనివ్వదు, అది ఎప్పుడు పోతుందో పిల్లపిల్లకీ మారుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేవరకు వేయాలి. చివరి డోసు ఎగ్గొడితే ముందు పెట్టినదంతా గాల్లో దీపమే. పార్వో వస్తే రోజుల తరబడి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాలి.

నులిపురుగుల మందు పెద్దవాటికి మూడు నెలలకోసారి. కుక్కల మాత్రలు సాధారణంగా 10 కిలోలకు ఒకటి, మధ్యలో గీత ఉంటుంది. 12 కిలోలకు ఎంత విరిచి వేయాలో పెట్టె మీది పట్టికలో ఉంటుంది, దాని ప్రకారమే వేయండి. ఫ్లీలు ఉన్న ఇంట్లో మలద్వారం దగ్గర బియ్యపుగింజల్లాంటివి కనబడితే అది బద్దెపురుగు. ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర కావాలి, పైరాంటెల్ ఒక్కటే ఉన్న చవక మందు దాన్ని తాకదు. ఫ్లీలు పోకుండా మాత్ర వేస్తే కొన్ని వారాలకి మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఫ్లీని మింగితేనే అది లోపలికి చేరేది. పిల్లికి పిల్లుల మాత్రే వేయండి, కుక్క మాత్ర ముక్క చేసి కాదు.

వెన్నెలవాకిలి:

కార్డు తీసి చూశాను. డిస్టెంపర్, పార్వో వేసి ఏడాదిన్నర అయింది. లెప్టోకి ఇంకో నెల గడువు ఉంది, రేబిస్ వచ్చే నెల. అంటే వచ్చే నెల ఈ రెండే వేయించాలి, అంతేనా?

మందులపెట్టె:

అంతే. కార్డులో రేబిస్ స్టిక్కరు మీద బ్రాండు పేరు చదివి, అది ఏడాది రకమో మూడేళ్ల రకమో అడగండి. రెండోదైతే, మీ దగ్గరి చట్టం ఒప్పుకుంటే, వచ్చే నెల లెప్టో ఒక్కటే.

గ్రాముల_లెక్క:

టీకాకి వెళ్లిన రోజే క్లినిక్ తూకం మీద రెండింటినీ తూయించండి, దానికి డబ్బు తీసుకోరు. ఇంటి తూకంతో ఎత్తుకుని చూస్తే పిల్లి బరువులో అరకిలో తేడా రావడం మామూలే. 4 కిలోల దానికి అరకిలో అంటే ఎనిమిదో వంతు, మేత గ్రాములూ మందు మోతాదూ రెండూ దాన్ని బట్టే మారతాయి.